మంగుకు వాడిన క్రీము ముఖాన్ని తెల్లబరిచిన కేసు: మంట కన్నా రంగు తిరిగొచ్చే వారాలే గండం

ముందుగా ఒక మాట. కింద రాసినది ఒక్కరి కేస్‌షీటు కాదు. చర్మవ్యాధుల ఓపీలో తరచూ కనిపించే ఒకే కోవ రోగుల వివరాలను కలిపి, గుర్తుపట్టే అంశాలు తీసేసి, ఒక కేసుగా కూర్చాం. మందుల మోతాదులు తోటి వైద్యుల కోసం రాశాం. ఇంట్లో చదివి సొంతంగా మొదలుపెట్టడానికి కావు.

వచ్చినప్పటి పరిస్థితి

34 ఏళ్ల మహిళ. ఇద్దరు పిల్లలు, రెండో కాన్పు తర్వాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. కోస్తాలోని ఒక పట్టణంలో కర్రీ పాయింట్ నడుపుతారు. తెల్లవారుజామున 5 నుంచి 11 దాకా పొయ్యి దగ్గరే నిలబడతారు. ఆమె చెప్పిన బాధ ఇది: "క్రీము రెండు రోజులు మానేస్తే ముఖం మండిపోతోంది మేడం. మళ్లీ రాస్తే పది నిమిషాల్లో చల్లబడుతుంది." మూతి చుట్టూ చీము పొక్కులు, ఎండలోకి వెళితే చురుకు, చెంపల మీద నూగు ముదరడం కూడా చెప్పారు.

ముఖం తెల్లబడిందన్న సంగతి ఆమె బాధగా చెప్పలేదు. మందు బాగా పనిచేసిందనడానికి సాక్ష్యంగా చెప్పారు. "రంగు మాత్రం బాగా తేలింది, ఈ మంట ఒక్కటి తగ్గించండి చాలు" అన్నారు. వైద్యం దారి తప్పేది ఇక్కడే. రోగి లాభాల ఖాతాలో రాసుకున్న తెలుపును మనం మొదటి రోజే సైడ్ ఎఫెక్టుల ఖాతాలోకి మార్చి చూపించకపోతే, రెండో నెలలో ఆమె మన దగ్గర ఉండరు.

వాడిన మందుల లెక్క

రెండో కాన్పు తర్వాత రెండు చెంపల మీద, పైపెదవి మీద మంగు వచ్చింది. అప్పుడు ఒక డాక్టరు మూడు మందుల మిశ్రమం ఉన్న క్రీము రాశారు. అందులో హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినోయిన్ 0.025 శాతం, మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ 0.1 శాతం. చీటీ మీద "రాత్రిపూట, మచ్చల మీద మాత్రమే, 6 వారాలు" అని స్పష్టంగా ఉంది. చీటీలో తప్పేమీ లేదు. ఆ చీటీనే మందుల షాపులో ఏడాది పాటు చూపించారు. మధ్యలో చీటీ పోతే ట్యూబు అట్టపెట్టె ముక్కను ఫోనులో ఫోటో తీసుకుని చూపించారు. పదో నెల తర్వాత ఆ కంపెనీ సరుకు లేదని షాపతను "అదే రకం" అంటూ మరో ట్యూబు ఇచ్చాడు. అది క్లోబెటాసాల్ 0.05 శాతం, అంటే పూతమందు స్టెరాయిడ్లలో అన్నిటికన్నా ఘాటైన వర్గం. ముఖానికి రాయాల్సిన మందే కాదు. దాన్ని నాలుగు నెలలు వాడారు. నడుమ పార్లర్‌లో ఇచ్చిన పేరూ ఊరూ లేని తెల్ల డబ్బీ క్రీము ఒక రెండు నెలలు పగటిపూట రాశారు.

"మచ్చల మీదే రాశాను" అని ప్రతి రోగీ చెబుతారు. అబద్ధమని కాదు, అలాగే అనుకుంటారు. నిజం ట్యూబుల లెక్క చెబుతుంది. పెద్దవాళ్ల చూపుడు వేలి చివరి కణుపు పొడవునా ట్యూబు నుంచి పిండితే దాదాపు అర గ్రాము వస్తుంది. ముఖం, మెడ మొత్తానికి ఒకసారి రాయడానికి అలాంటివి రెండున్నర, అంటే 1.25 గ్రాములు కావాలి. ఈమె నెలకు 15 గ్రాముల ట్యూబులు రెండు వాడారు, అంటే రోజుకు ఒక గ్రాము. రెండు చెంపల మీది మచ్చలకు పావు గ్రాము మించదు. రోజుకు గ్రాము అయిందంటే ముఖమంతా రాస్తున్నట్టే. 14 నెలలకు 28 ట్యూబులు, 420 గ్రాములు. అందులో 120 గ్రాములు క్లోబెటాసాల్.

అందుకే "ఎన్నాళ్లు వాడారు" కన్నా "ఒక ట్యూబు ఎన్ని రోజులొచ్చింది" అనే ప్రశ్న మేలు. రోజుల లెక్క మరిచిపోతారు గానీ, ట్యూబు ఎప్పుడు కొన్నారో డబ్బులు పెట్టినవాళ్లకు గుర్తుంటుంది.

పరీక్షలో కనిపించినవి

నుదురు, చెంపలు గులాబీ కలిసిన పాలిపోయిన రంగులో, మెరుస్తూ, సిగరెట్ కాగితంలా పలచగా ఉన్నాయి. చెంపల మీద సన్నటి ఎర్ర నరాలు కొమ్మలు కొమ్మలుగా కనిపిస్తున్నాయి. పెదవుల చుట్టూ ఎర్ర పొక్కులు, చీము తలలు ఉన్నా, పెదవి అంచును ఆనుకుని సన్నటి గీత మేర చర్మం శుభ్రంగా ఉంది. చెవి ముందు నుంచి దవడ దాకా నూగు ముదురుగా పెరిగింది. దవడ అంచున గీత గీసినట్టు రంగు మారిపోయి, మెడ రెండు మూడు ఛాయలు ముదురుగా ఉంది. పాలిపోయిన చెంపల మధ్య అసలు మంగు మాత్రం గోధుమ రంగు దీవుల్లా అలాగే ఉంది. 14 నెలల తర్వాత మంగు పోలేదు, చుట్టూ ఉన్న మామూలు చర్మం తెల్లబడింది. చేతి అద్దం ఇచ్చి ఈ ఒక్కటి చూపిస్తే సగం మాటలు చెప్పనక్కర్లేదు.

మెడ నల్లగా ఉందని ఆమె విడిగా క్రీము అడిగారు. మెడ నల్లబడిందా, ముఖం తెల్లబడిందా అని తేల్చడానికి మూడో చోటు చూడాలి. ఎండ తగలని పైచేతి లోపలి భాగం, చెవి వెనుక చర్మం పుట్టుకతో వచ్చిన అసలు రంగును చూపిస్తాయి. ఈమె ముఖం పైచేతి లోపలి భాగం కన్నా తెల్లగా ఉంది. రోజూ ఎండా, సెగా తగిలే ముఖం, ఎన్నడూ ఎండ చూడని చర్మం కన్నా తెల్లగా ఉండటం సహజంగా జరగదు. అది మందు పనే. మెడకు ఏ జబ్బూ లేదు.

పైపెదవి మీద, గడ్డం ఎడమవైపు మరింత తెల్లని మచ్చలు కొన్ని ఉన్నాయి. వాటిని చూసి ఇంట్లో వాళ్లు బొల్లి అని భయపడ్డారు. ఇలాంటి చోట మూడు చిన్న పనులు చేస్తాం. మొదటిది గాజు పలక. మచ్చ అంచు మీద స్లయిడ్ పెట్టి నొక్కితే అంచు మాయమై చుట్టుపక్కల చర్మంతో కలిసిపోతే, ఆ తెలుపు రక్తనాళాలు ముడుచుకున్నందువల్ల వచ్చింది. అంచు అలాగే నిలిస్తే రంగు తగ్గిందని అర్థం. రెండోది చీకటి గదిలో ఉడ్స్ ల్యాంప్, అంటే అతినీలలోహిత కాంతి దీపం. బొల్లి మచ్చ సున్నం కొట్టినట్టు నీలి తెలుపుతో మెరుస్తుంది, అంచు కత్తిరించినట్టుంటుంది. స్టెరాయిడ్ వల్ల రంగు తగ్గిన మచ్చ మసకగా, అంచు చెదిరినట్టుంటుంది. ముఖం మీద సన్‌స్క్రీన్ గానీ పౌడరు గానీ మిగిలి ఉంటే ఉడ్స్ ల్యాంప్ మోసం చేస్తుంది. ముఖం కడిగి, పొడిగా తుడిచాకే చూడాలి. మూడోది వెంట్రుకలు. మచ్చలోని నూగు కూడా తెల్లబడితే బొల్లి అనుమానం బలపడుతుంది. ఈమెకు అంచు గాజు కింద నిలిచింది, మెరుపు లేదు, వెంట్రుకలు నల్లగానే ఉన్నాయి.

పొక్కుల నుంచి గీరిన పొట్టును కేఓహెచ్ ద్రావణంలో వేసి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ లేదు. ఇది మానకూడదు. స్టెరాయిడ్ రాసిన తామర తన రూపం మార్చుకుని మొటిమల్లా కనిపిస్తుంది. చెంప మీద స్లయిడ్‌తో తీసిన నమూనాలో చదరపు సెంటీమీటరుకు 8 డెమోడెక్స్ పురుగులు (వెంట్రుకల కుదుళ్లలో బతికే కంటికి కనిపించని పురుగులు) ఉన్నాయి. 5 దాటితే లెక్కలోకి తీసుకుంటాం. స్టెరాయిడ్ కింద చర్మం రక్షణ తగ్గి ఈ పురుగులు పెరగడం మామూలే. కనురెప్పల దాకా రాశారు కాబట్టి కంటి డాక్టరు దగ్గరికి పంపించాం. కంటి ఒత్తిడి 18, 19, మామూలే. ఉదయం 8 గంటల కార్టిసాల్ (ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్), షుగరు మామూలే.

పేరులేని డబ్బీ వాడారు కాబట్టి మూత్రంలో ప్రొటీన్ కూడా చూశాం, లేదు. ఇది చాదస్తం కాదు. కేరళలోని మలప్పురం ప్రాంతంలో 2021 నుంచి 2023 మధ్య కిడ్నీ వైద్యులు ఒక రకం మెంబ్రేనస్ నెఫ్రోపతీ (కిడ్నీ జల్లెడ దెబ్బతిని మూత్రంలో ప్రొటీన్ పోయే జబ్బు) కేసులు వరసగా చూశారు. వాళ్లలో నెల్-1 అనే ప్రొటీన్ పరీక్ష పాజిటివ్ అయిన 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లే. అనుమానం పాదరసం మీదే. భారత కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం ముఖానికి రాసే క్రీములో పొరపాటున కలిసే పాదరసం సైతం 10 లక్షల వంతుల్లో ఒక వంతు మించకూడదు. లేబులే లేని డబ్బీలో ఎంత ఉందో ఎవరు చెప్పగలరు?

రోగ నిర్ధారణ: స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం, ఎర్ర నరాలు, పొక్కులు రెండూ కలిసిన రకం. మందు వల్ల రంగు తగ్గడం. కింద మానని మంగు. ఈ స్థితిని ఒక ప్రత్యేక జబ్బుగా గుర్తించి, పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చింది కోల్‌కతా చర్మవైద్యులు కౌశిక్ లాహిరి, అరిజిత్ కూండూ. జబ్బు మన దేశంలో అంతగా ఉంది కాబట్టే పేరూ ఇక్కడే పుట్టింది. 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో దేశవ్యాప్తంగా 12 కేంద్రాల్లో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని చూస్తే 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నారు.

తెలుపు ఎక్కడి నుంచి వచ్చింది

ఇది రోగికి కూడా చెప్పాల్సిన భాగం, ఎందుకంటే ఏ తెలుపు ఎప్పుడు పోతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

మొదటి తెలుపు గంటల్లో వచ్చేది. స్టెరాయిడ్ చర్మంలోని సన్నటి రక్తనాళాలను ముడుస్తుంది, రక్తం తగ్గి చర్మం పాలిపోతుంది. 1962లో మెకెంజీ, స్టౌటన్ అనే ఇద్దరు ఈ పాలిపోవడాన్నే కొలబద్దగా చేసుకుని ఏ స్టెరాయిడ్ ఎంత ఘాటో తేల్చే పరీక్ష తయారుచేశారు. నేటికీ అదే పద్ధతి. అంటే రాత్రి రాసి పొద్దున అద్దంలో చూసుకుని "తేలింది" అనుకునే ఆ తెలుపు మందు ఘాటుకు కొలత మాత్రమే. ఆపిన రెండు మూడు రోజుల్లో ఇది తిరగబడుతుంది. ముడుచుకున్న నాళాలు మునుపటికన్నా ఎక్కువగా విప్పుకుంటాయి. ఆమె చెప్పిన మంట అదే.

రెండోది వారాల్లో వచ్చేది. హైడ్రోక్వినోన్ రంగు తయారీకి కావాల్సిన టైరోసినేజ్ ఎంజైమును అడ్డుకుంటుంది. ట్రెటినోయిన్ పైపొర కణాలను తొందరగా రాలుస్తుంది, రంగు గింజలు వాటితో పోతాయి. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ తయారుచేసిన మొదటి మిశ్రమంలో హైడ్రోక్వినోన్ 5 శాతం, ట్రెటినోయిన్ 0.1 శాతం, డెక్సామెథాసోన్ 0.1 శాతం ఉన్నాయి. ట్రెటినోయిన్ పెట్టే మంటను స్టెరాయిడ్ తగ్గిస్తుంది, ట్రెటినోయిన్ స్టెరాయిడ్ వల్ల చర్మం పలచబడటాన్ని కొంత అడ్డుకుంటుంది. ఉపాయం బాగుంది. అమెరికాలో 2002లో అనుమతి పొందిన మిశ్రమంలో స్టెరాయిడ్‌ను తేలికరకం ఫ్లూసినోలోన్ 0.01 శాతానికి దించారు, వాడకం 8 వారాలకే పరిమితం చేశారు. మన మార్కెట్లో దాని స్థానంలో అంతకన్నా ఘాటైన మొమెటాసోన్ చేరింది. వాడకానికి గడువు చీటీ మీదే మిగిలింది.

మూడో తెలుపు నెలల్లో వచ్చేది. స్టెరాయిడ్ రంగు కణాలను చంపదు, పని మాన్పిస్తుంది. మెలనోసైట్లు ఉంటాయి గానీ రంగు ఇవ్వవు. అందుకే ఇది మచ్చలు మచ్చలుగా, మసక అంచుతో వస్తుంది, ఆపాక నెలల్లో తిరిగి వస్తుంది. బొల్లిలో కణమే పోతుంది కాబట్టి రెండింటికీ పోలిక లేదు.

ఇవన్నీ ముఖం మీదే ఇంత జోరుగా ఎందుకంటే, ముఖం మందును పీల్చేస్తుంది. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ కొలిచిన లెక్కల్లో ముంజేతి చర్మం హైడ్రోకార్టిసోన్‌ను ఒక వంతు పీల్చుకుంటే నుదురు 6 వంతులు, దవడ 13 వంతులు పీల్చుకున్నాయి. చేతి గజ్జికి రాసిన ట్యూబును ముఖానికి రాస్తే అదే మందు కాదు, అదే మోతాదూ కాదు.

వైద్యం: మొదటి ఆరు వారాలు

ఘాటు స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపాలా, మెట్లు దించాలా అన్నదానిపై వైద్యుల్లో రెండు పక్షాలున్నాయి. పొయ్యి ముందు నిలబడి సంపాదించుకునే మనిషికి ఒక్కసారిగా ఆపితే వారం తిరక్కుండా ట్యూబు మళ్లీ చేతికొస్తుందని మా అంచనా. అందుకని క్లోబెటాసాల్, డబ్బీ క్రీము ఆ రోజే ఆపించి, తేలికరకం స్టెరాయిడ్ డెసొనైడ్ 0.05 శాతం క్రీము రాశాం. ఒక వేలికొలత, అంటే అర గ్రాము, ముఖమంతా పలచగా. మొదటి వారం రోజూ రాత్రి, రెండో వారం రోజు విడిచి రోజు, మూడో వారం రెండుసార్లు. మొత్తం 13 సార్లు, 6.5 గ్రాములు. ఇచ్చింది 10 గ్రాముల ట్యూబు ఒక్కటే. ఇచ్చేముందు మూతతో సహా తూచి బరువు కేస్‌షీటులో రాసుకున్నాం. మూడో వారం తిరిగి తెమ్మన్నాం. ఇది నమ్మకం లేక కాదు. చెప్పడానికి మొహమాటపడే విషయాన్ని త్రాసు చెప్పేస్తుంది, గొడవ ఉండదు.

పొక్కులకు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 100 మి.గ్రా. రోజుకొకటి, 6 వారాలు. కుటుంబ నియంత్రణ జరిగింది, పాలివ్వడం లేదు కాబట్టి రాయగలిగాం. పొద్దున టీతో వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, పాలతో కలిస్తే ఒంటికి సరిగా పట్టదు. మధ్యాహ్నం భోజనమయ్యాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకూడదు. ఐరన్ బిళ్ల రాత్రికి మార్చాం. డాక్సీతో ఎండ చురుకు పెరుగుతుందని ముందే చెప్పాం, లేకపోతే దాన్నీ క్రీము మానడం ఖాతాలో వేస్తారు.

ముఖానికి: సబ్బు బంద్, చన్నీళ్లు. సువాసన లేని మాయిశ్చరైజర్ రోజుకు నాలుగైదుసార్లు. మంట లేచినప్పుడు కాచి చల్లార్చిన నీటిలో తడిపి పిండిన పాత నూలుగుడ్డ పది నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు. ఐసు ముక్క నేరుగా పెట్టకూడదు, దాని తర్వాత ఎరుపు ఇంకా పెరుగుతుంది. నిమ్మరసం, శనగపిండి, పసుపు, ఆవిరి, బ్లీచ్, త్రెడింగ్ అన్నీ బంద్. మొదటి రెండు వారాలు సన్‌స్క్రీన్ కూడా వద్దన్నాం. పలచబడిన చర్మం మీద రసాయన ఫిల్టర్లున్న సన్‌స్క్రీన్ మిరపకాయ రాసినట్టుంటుంది. అప్పటిదాకా అంచు వెడల్పు టోపీ, నూలు స్కార్ఫ్. మూడో వారం నుంచి జింక్ ఆక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ ఉన్న లేత రంగు సన్‌స్క్రీన్. మంగును కళ్లకు కనిపించే కాంతి కూడా పెంచుతుంది. మామూలు తెల్ల సన్‌స్క్రీన్ దాన్ని పెద్దగా ఆపదు, ఐరన్ ఆక్సైడ్ ఆపుతుంది. పొయ్యి దగ్గర మొదటి పది రోజులు ఆడపడుచును నిలబెట్టించాం, ఆ తర్వాత పొయ్యి వెనక ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించుకున్నారు. పొయ్యి సెగ ఈ కేసులో మందులంత ముఖ్యమైన సంగతి.

6వ రోజున రీబౌండ్, అంటే స్టెరాయిడ్ ఆపాక ఎదురుదెబ్బ, వచ్చింది. ముఖం ఉబ్బి, ఎర్రబడి, పొక్కులు రెట్టింపయ్యాయి. ముందే తేదీలతో చెప్పి ఉంచాం: మూడో రోజు నుంచి పదో రోజు మధ్య ఇది వస్తుంది, వస్తే మందు వికటించినట్టు కాదు అని. ఫోను చేశారు గానీ ట్యూబు తీయలేదు.

తప్పు జరిగింది రెండో వారంలో. డెసొనైడ్ లేని రాత్రుల్లో రాయమని టాక్రోలిమస్ అనే, స్టెరాయిడ్ కాని వాపు తగ్గించే మందు, 0.03 శాతం ఆయింట్‌మెంట్ ఇచ్చాం. మొదటి వారం మండుతుందని చెప్పాం గానీ, ఎలా రాయాలో సరిగా చెప్పలేదు. ఆమె ముఖం కడుక్కుని, తడి ఆరకముందే రాశారు. తడి చర్మం మీద టాక్రోలిమస్ మంట భరించలేనంత ఉంటుంది. ఇది పడలేదనుకుని మూడు రాత్రులు పాత క్లోబెటాసాల్ రాశారు. 17వ రోజు ఓపీకి వచ్చినప్పుడు ముఖం అనుకోనంత బాగుంది: ఎరుపు లేదు, పొక్కులు అణిగాయి, చెంపలు పాలిపోయి ఉన్నాయి. మూడో వారంలో ముఖం ఉన్నట్టుండి ఇంత బాగుంటే సంతోషించకూడదు, పాత ట్యూబు గురించి అడగాలి. అడిగితే చెప్పారు. డెసొనైడ్ ట్యూబు బరువు కూడా అదే చెప్పింది: తగ్గాల్సినంత తగ్గలేదు. కోప్పడలేదు. తప్పు సగం మాదే. లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాం. ఈసారి టాక్రోలిమస్ ట్యూబును రాసేముందు పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి, ముఖం కడిగిన అరగంట తర్వాత, పూర్తిగా ఆరిన చర్మం మీద, ముందు మాయిశ్చరైజర్ పూసి ఆపైన రాయమన్నాం. ఐదో రాత్రికి మంట తగ్గింది. పాత ట్యూబులు మూడూ ఓపీలోనే మాకు అప్పగించారు.

ఆరో వారంలో ఎరుపు సగానికి పైగా తగ్గింది గానీ గడ్డం మీద కొత్త పొక్కులు వచ్చాయి. టాక్రోలిమస్ కూడా కొందరిలో రోసేషియా (ముఖం ఎర్రబడి పొక్కులొచ్చే జబ్బు) లాంటి పొక్కులు తెస్తుంది, డెమోడెక్స్ ఉన్నవాళ్లలో మరీను. దాన్ని ఆపి ఆ పురుగులను చంపే ఐవర్‌మెక్టిన్ 1 శాతం క్రీము రాత్రిపూట మొదలుపెట్టాం. నాలుగు వారాల్లో పొక్కులు పోయాయి.

ఎనిమిదో వారం

మంటను తట్టుకున్నవాళ్లలో చాలామంది రంగు దగ్గర ఓడిపోతారు. ఎనిమిదో వారానికి ముఖం దవడ అంచు నుంచి, జుట్టు మొదళ్ల నుంచి లోపలికి ముదురుతూ వచ్చింది. చెంపలు ఇంకా పాలిపోయి, చుట్టూ ముదురు రంగు. పొక్కులు మానిన చోట నల్ల మచ్చలు. మంగు మునుపటి కన్నా ముదురుగా తేలింది. చూసినవాళ్లంతా "ఏమిటిలా నల్లబడ్డావు, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లావు" అనడం మొదలుపెట్టారు. కర్రీ పాయింట్‌లో రోజుకు నూరుమంది చూసే ముఖం అది.

"మంట తగ్గింది సరే మేడం, నల్లబడితే నలుగురిలో ఎలా తిరిగేది?"

ఈ ప్రశ్నకు జవాబు ఎనిమిదో వారంలో వెతుక్కుంటే ఆలస్యమైనట్టే. మొదటి రోజే ఫోటోలు తీసి ఉంచాం: ముఖం, మెడ, పైచేతి లోపలి భాగం ఒకే ఫ్రేములో. వాటి పక్కన ఎనిమిదో వారం ఫోటో పెట్టాం. ముఖం రంగు ఇప్పుడు పైచేతి రంగుకు దగ్గరగా వచ్చింది, దాన్ని దాటలేదు. నల్లబడలేదు, తన రంగుకు తిరిగి వస్తోంది. దాటి ముదిరినది మంగు, పొక్కుల మచ్చలు మాత్రమే, వాటికి వేరే మందు ఉంది అని చెప్పాం. ఫోటోల విషయంలో ఒక జాగ్రత్త: ఫోను ముందు కెమెరాలో బ్యూటీ మోడ్ అడక్కుండానే పనిచేస్తూ ముఖాన్ని తెల్లగా, నున్నగా చేస్తుంది. రోగి పంపే సెల్ఫీలు పోలికకు పనికిరావు. వెనక కెమెరా, అదే కిటికీ, అదే సమయం, ఫ్లాష్ లేకుండా, గడ్డం కింద ఒక తెల్ల కాగితం. కాగితం రంగు రెండు ఫోటోల్లో ఒకేలా ఉంటేనే చర్మం రంగు పోల్చాలి.

లేత రంగు సన్‌స్క్రీన్ ఇక్కడ ఇంకో పని చేసింది. అది మచ్చలను కొంత కప్పేస్తుంది. వైద్యం కానిదాన్ని చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. ఆ రెండు నెలలు ఆమెను పాత ట్యూబుకు దూరంగా ఉంచినదాంట్లో ఈ కప్పే గుణానిది పెద్ద వాటా.

నాలుగో నెల నుంచి

ఎరుపు, మంట పూర్తిగా అణిగి, మాయిశ్చరైజర్ చురుక్కుమనడం మానాకే మంగు వైద్యం మొదలుపెట్టాం. తొందరపడి మూడో నెలలోపు మొదలుపెడితే చర్మం మళ్లీ రేగుతుంది, ఆ రేగడం మళ్లీ నలుపు తెస్తుంది. అజెలాయిక్ యాసిడ్ 10 శాతం రోజు విడిచి రోజు రాత్రి, పడ్డాక ఆరు వారాలకు 20 శాతం. ట్రానెక్సామిక్ యాసిడ్ 250 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 12 వారాలు. ఇది రక్తం గడ్డకట్టే అవకాశం పెంచగల మందు కాబట్టి, అంతకుముందు కాళ్లలో గడ్డకట్టిన రక్తం, పక్షవాతం, గర్భనిరోధక మాత్రలు, కిడ్నీ జబ్బు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు ఉన్నాయేమో ఒక్కొక్కటిగా అడిగాం. ఏదీ లేదు. హైడ్రోక్వినోన్ జోలికి మళ్లీ పోలేదు. ఏళ్ల తరబడి వాడితే అది తెల్లబరచడం మాని బూడిద నలుపు మచ్చలు తెస్తుందని, ఓక్రోనోసిస్ అనే ఆ స్థితిని దక్షిణాఫ్రికాలో 1975లోనే వర్ణించారు. ఈమెకు డెర్మోస్కోప్ (చర్మాన్ని పెద్దదిగా చూపే భూతద్దం) కింద ఆ జాడ లేదు, అది వచ్చేదాకా ఆగాలని మాకు లేదు.

మధ్యలో ఒక విషయం బయటపడింది. పన్నెండేళ్ల కూతురికి ఓణీల ఫంక్షన్‌కు నెల ముందు నుంచి ఇదే ట్యూబు రాశారు, ఫోటోల్లో బాగా పడుతుందని. ఒక ఇంట్లో ఈ ట్యూబు దొరికితే ఇంకెవరు రాస్తున్నారని అడగడం తప్పనిసరి. పాప ముఖం మీద సన్నటి పొక్కులు తప్ప పెద్ద నష్టం లేదు. నెల రోజుల వాడకమే కాబట్టి ఆపి, మాయిశ్చరైజర్‌తో సరిపెట్టాం. నాలుగు వారాల్లో సర్దుకుంది.

ట్యూబు మీద ఏం చదవాలి

కేంద్ర ఆరోగ్యశాఖ 2018 మార్చిలో 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ట్యూబు మీద ఆర్‌ఎక్స్ గుర్తు, షెడ్యూల్ హెచ్ హెచ్చరిక ఉంటాయి. చీటీ ఉన్నా అది ఎన్ని వారాలకు రాసిందో చూడకుండా ఏడాది పాటు ఇవ్వడం చీటీ లేకుండా ఇవ్వడం లాంటిదే. కొనేవాళ్లు పెద్ద అక్షరాల పేరు కాదు, కింద సన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవాలి. క్లోబెటాసాల్, బీటామెథాసోన్, మొమెటాసోన్, బెక్లోమెథాసోన్, ఫ్లూసినోలోన్, డెక్సామెథాసోన్, హాలోబెటాసాల్, వీటిలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్ క్రీము. పేరు చివర జీఎం, ఎన్ఎన్ లాంటి అక్షరాలున్న ట్యూబుల్లో స్టెరాయిడ్‌తోపాటు యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపి ఉంటాయి. మొటిమలకని, మచ్చలకని, తామరకని ఒకే ట్యూబు ఇచ్చేది వాటినే. రాసిన రెండో రోజుకే ముఖం తెల్లగా, చల్లగా, నున్నగా అయిందంటే, మంచి మందు దొరికిందనుకోకముందు ఆ సన్న అక్షరాలు చదవాలి.

తొమ్మిదో నెల

ముఖం రంగు పైచేతి లోపలి భాగం కన్నా ఒక ఛాయ ముదురు, మెడతో కలిసింది, దవడ గీత లేదు. పైపెదవి మీది తెల్ల మచ్చలు ఆరో నెలకే పూడాయి. గడ్డం ఎడమవైపు 3, 4 మిల్లీమీటర్ల చుక్కలు రెండు మిగిలాయి. ఉడ్స్ ల్యాంప్ కింద మెరవడం లేదు కాబట్టి ఏమీ రాయకుండా మూడు నెలలకోసారి కొలుస్తున్నాం. మెరుపు మొదలైతే హైడ్రోక్వినోన్ వల్లనో, డబ్బీ క్రీములోని రసాయనం వల్లనో వచ్చిన బొల్లిగా లెక్కించి దారి మార్చాలి. చెంపల మీద రెండు ఎర్ర నరాలు మిగిలాయి, అవి మందులతో పోవు. లేజర్ కావాలంటే మంగు ఏడాది పాటు నిలకడగా ఉన్నాకే, అదీ చిన్న చోట పరీక్షించాకే అని చెప్పాం. నూగు దానంతటదే పలచబడింది. మంగు అంచులు చెదిరి లేతబడింది, పోలేదు. ట్రానెక్సామిక్ ఆపేశాం, అజెలాయిక్ వారానికి మూడు రాత్రులు నడుస్తోంది. ఫిబ్రవరి చివర, ఎండలు ముదరకముందే, మళ్లీ రమ్మన్నాం. అప్పటికి సన్‌స్క్రీన్ ట్యూబు ఎన్ని రోజులొచ్చిందో రాసి తెమ్మన్నాం.